ఐదో సీసా

మొన్న క్లాసులో క్లోరిన్ పాఠం చెబుతూ, పాతకాలం యుద్ధాల్లో దాన్ని మనుషుల మీదికి వదిలారని అలవాటుగా ఒక వాక్యం చేర్చాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, మన యుద్ధాలల్ల గూడ గిట్లాంటివి వాడిన్రంటరు. నిజమేనా?" అంది. "ఆధారం లేదు" అన్నాను. "ఆధారం లేదంటే జరగలేదనా సార్, ఎవ్వలు చూడలేదనా?" అంది. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు మీద సగం రాసిన సమీకరణాన్ని పూర్తి చేయకుండానే తుడిచేశాను.

నాకిప్పుడు ముప్పై మూడేళ్లు. "ఆధారం లేదు" అన్న అవే రెండు మాటలు పదేళ్ల కిందట మోర్తాడ్‌లో ఒక ఇంటి వసారాలో ఆరుగురి ముందు చదివాను. కాగితం మీద గీతలు గీసి, పట్టిక వేసి, కింద సంతకం పెట్టి, మిల్లు ముద్ర వేసి మరీ చదివాను. ఆ కాగితం మా అన్న లింబాద్రి గురించి. దాన్నిబట్టే మా వదిన గంగమణి అతని దగ్గరికి తిరిగి వస్తుందా రాదా అన్నది తేలాల్సి ఉంది.

అప్పుడు నేను బోధన్ రోడ్డు మీద ఒక చిన్న ఖండసారి చక్కెర మిల్లులో కెమిస్టును. ఆ మిల్లు ఇప్పుడు లేదు. రేకుల షెడ్డు పడిపోయి, జాగాలో చెరకు బండ్లు నిలుపుతున్నారు. నా పని గంటగంటకూ రసం నమూనా తీసి, తీపి ఎంతుందో, పులుపు ఎంతుందో చూసి రిజిస్టరులో ఎక్కించడం. నేను దేన్నైనా వరుసగా రాసుకునేవాణ్ని. గదిలో ఉన్న బట్టలు, చదివిన పుస్తకాలు, ఎవరితో ఏ రోజు ఏం మాట్లాడానో, అన్నీ. రాసింది తప్పు కాదని, రాయనిది ఉండదని అప్పటి నా నమ్మకం.

చెరకు రసం తెల్లబడాలంటే అందులోకి సున్నం, ఆ తర్వాత గంధకపు గాలి పంపాలి. మిల్లు వెనక ఇనుప పొయ్యిలో గంధకం కాల్చి ఆ గాలిని గొట్టంతో రసంలోకి తోలేవాళ్లం. ఆ పొయ్యి దగ్గర యూసుఫ్ భాయ్ ఉండేవాడు. బోధన్‌లో తాతల నాటి నుంచి ఉంటున్న కుటుంబం. తడి తువ్వాలు మూతికి చుట్టుకుని, బుగ్గలో బెల్లం ముక్క పెట్టుకుని పదేళ్లుగా ఆ పొయ్యి ముందే నిలబడ్డ మనిషి. గాలి ఎక్కువైందో తక్కువైందో నా పరీక్ష కాగితం రంగు మారకముందే కళ్ల నీళ్లతో చెప్పేవాడు.

పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసిన చలికాలం అది. మిల్లు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో యుద్ధం ఇంకా నడుస్తూనే ఉండేది. గోడలను ముట్టకుండా మనుషులను మాత్రమే చంపే బాంబు ఉందని ఒకడు. కళ్లలోకి కొడితే చాలు, గుడ్డివాణ్ని చేసే దీపం ఉందని ఇంకొకడు. పీలిస్తే మగతనం పోయే పొగ ఉందని, అందుకే సిపాయిలు సెలవు మీద ఇంటికి రావడం లేదని ఒక లారీ డ్రైవరు. బావుల్లో కలిపే పొడి ఉందని ఎవరో అన్న రోజు, హోటల్ కుండలో నీళ్లు ముంచుకోబోయిన యూసుఫ్ భాయ్ చేతిలోంచి చెంబు లాక్కున్నారు. మర్నాటి నుంచి ఆయన ఇంటి దగ్గర నుంచే నీళ్లు తెచ్చుకున్నాడు. ఆ చెంబు లాక్కున్నప్పుడు నేను పక్క బెంచీ మీదే ఉన్నాను. నా చాయ్ నేను తాగాను.

మా ఊరు నందిపేట్ పక్కన. బాపు మా చిన్నప్పుడే పోయాడు. అన్న ఫౌజులో సిపాయిగా చేరాకే నేను నిజామాబాద్‌లో చదువుకోగలిగాను. ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, ఒక్కతే పసుపు, వరి చూసుకునేది. మాఘమాసం వచ్చిందంటే మా చేను గట్టున పెద్ద కడాయి ఎక్కేది, పసుపు కొమ్ములు ఉడికేవి. ఆ ఆవిరి మట్టి వాసనతో కలిసి జుట్టుకు, రొట్టెకు, పడుకునే గొంగడికి పట్టేసేది. అవ్వ పుల్ల గుచ్చి చూసి ఉడికిందో లేదో చెప్పేది. పుల్ల గుచ్చాక మాట మార్చేది కాదు. పొద్దున్నే వాకిలి చల్లి, పశువులకు గడ్డి వేసి, అందరినీ తిట్టి, అప్పుడు మొహం కడుక్కునేది. రోగాలను పేరు పెట్టి పిలిచేది కాదు. పేరు పెడితే వస్తాయని భయం.

అన్న రేకు పెట్టెతో బస్సు దిగినప్పుడు గొంతు సగమే ఉంది. ఎడమ కంటి నుంచి నీళ్లు కారుతూనే ఉండేవి. నాలుగు అడుగులు వేస్తే ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దగ్గేవాడు. ఫౌజు ఇచ్చిన కాగితంలో సేవకు పనికిరాడని తప్ప ఎందుకో లేదు. నిజామాబాద్‌లో ఒక డాక్టరుకు చూపించాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, "మచ్చలున్నాయి. క్షయ కావచ్చు, కాకపోవచ్చు. కళ్లె పరీక్షలో ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి లేదని చెప్పలేను. మందులు వాడండి" అన్నాడు. నిజాయితీగా చెప్పాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు చేతకానివాడనుకున్నాను.

డాక్టరు తేల్చకపోయేసరికి ఊరు తేల్చడం మొదలుపెట్టింది. సగం ఊరు గ్యాస్ అంది, సగం ఊరు క్షయ అంది. గ్యాస్ అన్నవాళ్లు గుంపులుగా వచ్చి నాలుక చూపించమనేవాళ్లు, చొక్కా విప్పమనేవాళ్లు, "మగతనం ఉన్నదా పోయిందా లింబాద్రీ" అని నవ్వేవాళ్లు. క్షయ అన్నవాళ్లు మా ఇంటి ముందు నుంచి ముక్కు మూసుకుని నడిచేవాళ్లు. అవ్వ అన్న మంచం కొట్టంలోకి మార్చింది, ఉమ్మడానికి పక్కన బూడిద పోసిన మట్టి చిప్ప పెట్టింది. ఎడ్ల పక్కన పడుకుని అన్న, "తమ్మీ, గీడ మంచిగున్నది. ఎడ్లు ఏమడుగయి" అనేవాడు.

వదిన మోర్తాడ్‌లో పుట్టింట్లో ఉండిపోయింది. తండ్రి భోజన్న పంపలేదు. తీసుకురావడానికి వెళ్లిన అన్నను వాకిట్లోనే నిలబెట్టి, "గ్యాస్ అయితే దేశం కోసం అయినట్టు. నా బిడ్డను బ్యాండు పెట్టి తోల్త. ఆ రోగమైతే మాత్రం తోల. డాక్టరు చెప్పకపాయె. నీ తమ్ముడు గవే సదివిండు గద? మిల్లుల గాలి పని జేస్తడట. ఆయిన రాసిస్తే నమ్ముత" అన్నాడు. చక్కెర తెల్లబరిచేవాడు సిపాయి ఊపిరితిత్తుల మీద తీర్పు రాయడమేమిటని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. నాకు గర్వంగా అనిపించింది.

అన్న బోధన్ వచ్చి నా గదిలో దిగాడు. మొదట ప్రశ్నలు రాసుకున్నాను. పదిహేడు. పగలా రాత్రా, ఎండా మబ్బా, పొగ రంగేమిటి, ఎంతసేపుంది, ఎంతమంది పడిపోయారు. అన్న మంచం మీద గోడకానుకుని ఓపికగా చెప్పాడు. తెల్లారుతుండగా కాలువ గట్టు మీద ఉన్నారు. తెల్లటి మంచులాంటిది నేల మీద పాకుతూ వచ్చింది. ఐదుగురు ఉండె, ముగ్గురు లేవలేదు. తొమ్మిదో ప్రశ్న, గాలి ఎటు నుంచి వీస్తోందని.

"మన దిక్కు నుంచి" అన్నాడు.

"సరిగ్గ యాది చేసుకో అన్నా. మన దిక్కు నుంచి ఎట్ల వస్తది?"

"నాకేం ఎరుక రా. సెంపకు తగిలింది జెప్తున్న. ఎవ్వనిదో, ఏం కాలిందో నేను సూడలే. గా సంగతి మాట్లాడొద్దని పై ఆఫీసర్లు అన్నరు, గంతే."

తొమ్మిదో ప్రశ్న ఎదురుగా "స్పష్టంగా చెప్పలేకపోయాడు" అని రాశాను. ఆ పొగ మనవాళ్లదేనేమో అనిపించే ఆ జవాబును ఆ రోజుల్లో ముద్ర వేసిన కాగితం మీద రాసే ధైర్యం నాకు లేదు. కానీ నన్ను నేను పిరికివాడినని అనుకోలేదు. సాక్షి తడబడ్డాడనుకున్నాను.

తర్వాత పరీక్ష. నా పుస్తకంలో యుద్ధవాయువుల మీద రెండు పేజీలు ఉన్నాయి. ఒకటి బ్లీచింగ్ పౌడరులా, ఒకటి వెల్లుల్లిలా, ఒకటి మగ్గిన గడ్డిలా వాసన వేస్తుందని రాసుంది. ఐదు సీసాలు సిద్ధం చేశాను. మొదటిదాంట్లో బ్లీచింగ్ పౌడరు మీద రెండు చుక్కల ఆసిడ్, రెండోదాంట్లో దంచిన వెల్లుల్లి, మూడోదాంట్లో బూజు పట్టిన గడ్డి. నాలుగోది మా పొయ్యి గొట్టం నుంచి పట్టిన గంధకపు గాలి. ఐదోది ఉత్త నీళ్లు. అబద్ధం చెప్పేవాణ్ని పట్టుకోవడానికి ఒక ఖాళీ నమూనా ఉండాలని మా లెక్చరర్ చెప్పేవాడు. అన్న కళ్లకు తువ్వాలు కట్టి లేబొరేటరీ స్టూలు మీద కూర్చోబెట్టాను. సీసాలు అందించడానికి యూసుఫ్ భాయ్‌ని పిలిచాను.

"దవాఖాన" అన్నాడు అన్న, మొదటిది వాసన చూసి. రెండోదానికి నవ్వాడు. "ఎల్లిగడ్డ రా ఇది! అవ్వ తొక్కు నూరినట్టున్నది. రొట్టె తేకపోయినవా?" మూడోదానికి, "మన ఎడ్ల కొట్టం" అన్నాడు. యూసుఫ్ భాయ్ కూడా నవ్వాడు. నాలుగోది ముక్కు దగ్గరికి వచ్చేసరికి అన్న స్టూలు మీద నుంచి ముందుకు ఒరిగిపోయాడు. బల్ల అంచు పట్టుకుని దగ్గాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. దగ్గుతూనే కాదని చెయ్యి ఊపాడు. యూసుఫ్ భాయ్ తన తడి తువ్వాలు ఇవ్వబోతే, "ఆగు, ఇంకొకటుంది" అన్నాను. ఐదోది పెట్టాను.

అన్న దగ్గు మధ్యలో దాన్ని పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

"గిదే" అన్నాడు. "గిట్లనే ఉండె."

నేను ఐదో వరసలో టిక్కు పెట్టి, "గుర్తించాడు" అని రాసి, తువ్వాలు విప్పాను. అన్న సీసాను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టాడు.

"ఏముంది ఇండ్ల?"

"నీళ్లు."

సీసాను బల్ల మీద పెట్టాడు. "గిది గూడ మామకు జెప్తవా?" అన్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పాలె గద అన్నా."

"చెప్పు మరి" అని గదికి వెళ్లిపోయాడు.

యూసుఫ్ భాయ్ సీసాలు కడుగుతూ నా వైపు తిరగకుండానే అన్నాడు. "సార్, మీరు సదువుకున్నోళ్లు. నేను పొయ్యి కాడ పదేండ్ల సంది ఉన్న. గంధకం ముక్కుల పోయినంక అరగంట దాక గులాబ్ పెట్టినా గోబర్ పెట్టినా ఒక్కతీరే ఉంటది. నాలుగోది పెట్టంగనే ఐదోది ఎట్ల పెడ్తరు? నీళ్ల సీసా ముంగట ఉండాలె. రేపు మల్ల పెట్టున్రి. నేను వస్త."

ఆయన చెప్పింది సరైనదని నాకు వెంటనే అర్థమైంది. అయితే అప్పటికే నేను పట్టికను మంచి కాగితం మీదికి ఎక్కించాను. ఎర్ర సిరాతో గీతలు గీశాను. "పొయ్యి చూసుకో యూసుఫ్ భాయ్. గిది నేను చూసుకుంట" అన్నాను.

మోర్తాడ్‌లో భోజన్న వాకిలి నిండా పసుపు ఆరబోసి ఉంది. వసారాలో ఆయన, కులపెద్దలు ఐదుగురు, నేను. అన్న మెట్ల కింద, ఎండలో. తలుపు వెనక వదిన ఉందని పాదాలను బట్టి తెలిసింది. నేను నిలబడి చదివాను. పదిహేడు ప్రశ్నలూ, ఐదు సీసాలూ. ఐదోదానికి వచ్చేసరికి ఒక పెద్దమనిషి ముందుకు వంగాడు.

"నీళ్లకా?"

"నీళ్లకే" అన్నాను.

"మా బర్రె గూడ నీళ్లు వాసన సూత్తది, అది గూడ ఫౌజుకు పోయొచ్చిందా?" అన్నాడు. పెద్దలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంకొకాయన, "అయితే పోచంపాడ్ కాడ గోదారి గంగల ఉన్నదంత గ్యాసే. డ్యామ్ కట్టి నింపుతున్నరు, ఇగ సావుడే" అన్నాడు. అన్న కూడా నవ్వాడు. నవ్వబోతే దగ్గొచ్చింది, ఆ దగ్గుకు వాళ్లు మరింత నవ్వారు. నేను వాళ్లు ఆగేవరకు కాగితం పట్టుకుని నిలబడి, చివరి వాక్యం చదివాను. "పై పరిశీలనను బట్టి విషవాయువు తగిలిందనడానికి ఆధారం లేదు."

భోజన్న నవ్వలేదు. "బిడ్డా, సొంత తమ్మునివై గూడ దాయలే. నీ అసొంటి మనిషిని నేను సూడలే" అన్నాడు. ఆ పొగడ్త నాకు తియ్యగా తగిలింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. వదిన కొంగు కప్పుకుని గడప మీదికి వచ్చింది. పెద్దల ముందు ఆమె అలా రావడం తప్పు. తండ్రి కసురుకున్నా కదల్లేదు.

"మరిదీ, నేను సదువుకోలే. ఒక్కటి జెప్పు. వాసన లేనిది ఉండదా?"

ఉంటుంది. మా మిల్లు బాయిలరు గదిలోనే ఉంది. పొగ సరిగ్గా పోకపోతే బొగ్గు నుంచి వచ్చే ఒక గాలికి రంగూ వాసనా ఉండవు, కళ్లు తిరిగితే వెంటనే బయటికి పరుగెత్తండని గోడ మీద పలక రాయించింది నేనే. ఆ పలక నా కళ్ల ముందు కనిపించింది. ఆ మాట ఒప్పుకుంటే చేతిలో ఉన్న కాగితం అక్కడికక్కడే చిత్తు. ఆరుగురూ నా వైపే చూస్తున్నారు.

"నా పుస్తకంల లేదు వదినా" అన్నాను.

ఆమె అన్న వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లింది. తిరుగు బస్సులో ఆర్మూర్ దాటాక అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "దానికి వాసన లేకుండె తమ్మీ. సల్లగ, తడితడిగ, నీళ్ల మీది గాలి లెక్క. పదిహేడు అడిగినవ్ గని, వాసన ఉండెనా అని అడగలే. ఐదోదానికి గిట్లనే ఉండె అన్న. నువ్వు నీళ్లన్నవ్. ఇగ నేనేమంట?"

ఇంటికి చేరగానే సరిదిద్దుతానన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. కానీ మిల్లు పూర్తి జోరు మీద ఉంది, కెమిస్టుకు సెలవు లేదు. అలాగని ఆ రెండున్నర నెలల్లో ఒక్క ఆదివారం దొరకలేదంటే అబద్ధం. మళ్లీ ఆ వసారాలో నిలబడి తప్పు చేశానని చదవడం నాకు ఇష్టం లేదు. చెరకు అయిపోయాక రెండో కాగితం రాశాను. తప్పులు మూడు. నీళ్ల సీసాను గంధకం తర్వాత పెట్టడం, వాసన ఉందా అని అడగకపోవడం, తొమ్మిదో జవాబు మార్చడం. తీసుకుని మోర్తాడ్ వెళ్లాను. భోజన్న దాన్ని తిప్పి చూశాడు. "మొదటిదానికి ముద్దర ఉండె. దీనికేది?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "పిల్లను వేరే సంబంధం జూసి ఇచ్చేసినం బిడ్డా. పోయిన నెలనే. నీ కాయితం సూపెట్టే తెంపుకున్నం" అన్నాడు.

అన్న ఆ తర్వాత వానాకాలం వరకు బతికాడు. చివరి కాగితంలో డాక్టరు ఊపిరితిత్తుల వ్యాధి అని రాశాడు. అది గ్యాస్‌వాళ్లకూ పనికొచ్చింది, క్షయవాళ్లకూ పనికొచ్చింది. ఇప్పుడు బస్టాండులో పత్రికలు దొరుకుతున్నాయి, ఏ దేశం దగ్గర ఏముందో వాటిలో బొమ్మలతో సహా వేస్తున్నారు. చాయ్ హోటళ్లలో పుకార్లకు ఇంకాస్త శాస్త్రం అబ్బింది, అంతే. ఆ కాలువ గట్టు మీద పాకినదేమిటో ఎవరూ రాయలేదు. నేను ఇప్పుడు ఏ పట్టిక గీసినా చివర "తెలియదు" అని ఒక గడి పెడతాను. అప్పుడు ఆ గడికి నా కాగితంలో జాగా లేదు.

మోర్తాడ్ నుంచి నేరుగా ఊరికి వెళ్లిన ఆ మధ్యాహ్నం సంగతి చెప్పి ముగిస్తాను. అన్న కొట్టం ముందు కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. గంగమణి సంగతి అతనికి ముందే తెలుసు. నేను రెండో కాగితం మొత్తం చదివి వినిపించాను. మూడు తప్పులూ.

"మంచిగ రాసినవ్" అన్నాడు. "అంటే నాది ఆ రోగం కాదన్నట్టేనా?"

"కాదనే అనుకుంటున్న అన్నా."

కొరికిన రొట్టెను రెండు ముక్కలు చేసి ఒకటి నా ముందుకు చాచాడు. "అయితే తిను."

నేను దాని అంచు వైపు చూశాను. అతని పళ్ల గుర్తు ఉంది, తడిగా ఉంది. "బస్టాండుల తిని వచ్చిన" అన్నాను. అన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నవ్వుతూ అలాగే పట్టుకుని కూర్చున్నాడు, ఎంతసేపు ఆగగలనో కొలుస్తున్నట్టుగా.

అవ్వ గడ్డిమోపు దించి వచ్చింది. అన్న మంచం కొట్టంలో వేసిందీ, చిప్పలో బూడిద పోసిందీ ఆమే. అతని చేతిలోని రొట్టె తీసుకుని, పళ్ల గుర్తున్న వైపు నుంచే కొరికి, నిలబడే నమిలింది.

"ఉప్పు ఎక్కువైంది" అంది. తర్వాత నా చేతిలోని కాగితం వైపు గడ్డం చూపించింది. "రాసుకో బిడ్డా. ముసల్ది తిన్నదని రాసుకో."